జలకన్య దాకా వెళ్లక్కర్లేదు: కోపెన్‌హాగన్‌లో ఒక్కరోజు నడక

స్కాండినేవియా టూర్ ప్యాకేజీల్లో కోపెన్‌హాగన్‌కు సాధారణంగా దక్కేది ఒక పూట. బస్సు జలకన్య విగ్రహం దగ్గర ఆగుతుంది, ఫొటోలు తీసుకుంటారు. రాజుగారి భవనాల ముందు పది నిమిషాలు, న్యూహౌన్ కాలువ గట్టున రంగురంగుల ఇళ్ల ముందు ఇంకో పది నిమిషాలు. సాయంత్రానికి ఓస్లో ఓడ ఎక్కేస్తారు. జాబితాలో ఉన్నవన్నీ చూసినట్టే లెక్క, ఊరు మాత్రం చూడనట్టే. డెన్మార్క్ రాజధానిలో చూడదగ్గది ఆ విగ్రహాల కంటే ఎక్కువగా, అరవై ఏళ్లుగా అక్కడి నగరపాలకులు వీధుల మీద చేస్తూ వచ్చిన పని. దాన్ని కాళ్లతోనే తెలుసుకోవాలి.

ఊరు చిన్నది, నేల చదును, అందుకే నడక తేలిక అంటారు. ఇది సగం నిజం. పాత ఊరు చిన్నదే. టౌన్‌హాల్ చౌరస్తా నుంచి కాంగెన్స్ నూటోర్ కూడలి దాకా, ఈ చివర నుంచి ఆ చివరకు, 1.1 కిలోమీటర్లే. కానీ 1950ల్లోనూ నేల ఇంతే చదును, ఊరు ఇంతే చిన్నది. అయినా చౌరస్తాలు కార్లతో కిక్కిరిసి ఉండేవి. ఈరోజు జనం కాళ్లు వేలాడేసుకుని కూర్చునే న్యూహౌన్ గట్టు 1980 దాకా పార్కింగ్ స్థలమే.

మార్పు 1962 నవంబరులో మొదలైంది. ఊరి నడిబొడ్డున ఉన్న స్ట్రాయెట్ వీధిలో ప్రయోగంగా వాహనాలు ఆపేశారు. బేరాలు దెబ్బతింటాయని వ్యాపారులు గోల పెట్టారు. ఇంత చలిలో బయట కూర్చునేది ఎవరు, ఇదేమన్నా ఇటలీయా అన్న ఎద్దేవా కూడా వినిపించింది. 1964లో ఆ ఏర్పాటును శాశ్వతం చేశారు. వాస్తుశిల్పి యాన్ గేల్, ఆయన బృందం ఆ తర్వాత దశాబ్దాల పాటు వీధుల్లో ఎంతమంది నడుస్తున్నారు, ఎంతమంది కూర్చుంటున్నారు అని లెక్కలు రాస్తూ పోయారు. 1962లో 15,800 చదరపు మీటర్లున్న కార్లులేని స్థలం శతాబ్దం చివరికి దాదాపు లక్ష చదరపు మీటర్లయింది. పార్కింగ్‌ను ఒకేసారి తీసేయకుండా ఏటా కొద్దికొద్దిగా తగ్గించారు. ఏ ఒక్క ఏడాదీ గొడవ చేసేంత మార్పు కనబడలేదు. అసలు కిటుకు అదే.

ఇక నడక. విమానాశ్రయం నుంచి ఎం2 మెట్రో పావుగంటలో ఊళ్లోకి తెస్తుంది. అది సెంట్రల్ స్టేషన్‌కు వెళ్లదు, దాని కోసం రైలు ఎక్కాలి. పెట్టెలుంటే రైల్లోనే వెళ్లి స్టేషన్ లాకర్లలో పడేయడం మంచిది. చక్రాల పెట్టెతో ఈ ఊళ్లో నడవడం నరకం. ఫుట్‌పాత్ మీద పెద్ద పలకలు రెండు మూడు వరుసలుగా ఉంటాయి, వాటి మధ్య చిన్న గ్రానైట్ రాళ్లు పరిచి ఉంటాయి. పలకల మీద కాలు హాయిగా సాగుతుంది. రాళ్ల మీద చక్రాలు ఎగిరెగిరి పడతాయి, పల్చటి అట్ట చెప్పులైతే మధ్యాహ్నానికే అరికాళ్లు మండుతాయి. మందపాటి అట్ట ఉన్న బూట్లు వేసుకోవాలి.

ఫుట్‌పాత్ గురించే ఇంకో మాట. చాలా చోట్ల పక్క సందు ఎదురైనా అది తెగిపోదు. అదే ఎత్తులో, అవే పలకలతో సందు మూతిని దాటుకుని ముందుకు పోతుంది. అక్కడ కారే ఆ గట్టు ఎక్కి దిగాలి, నడిచే మనిషికి దారి ఇవ్వాలి. చిన్న పిల్లవాడు తల వంచుకుని నడిచినా ఫరవాలేదన్న ధీమా బోర్డులతో రాలేదు, ఆ నాలుగంగుళాల గట్టుతో వచ్చింది.

కొత్తవాళ్లకు అసలు ప్రమాదం కార్ల కంటే సైకిళ్లతో. సైకిల్ దారి ఫుట్‌పాత్‌కూ రోడ్డుకూ మధ్యలో ఉంటుంది. రోడ్డు కంటే ఒక మెట్టు ఎత్తు, ఫుట్‌పాత్ కంటే ఒక మెట్టు తక్కువ. అలవాటు లేని కంటికి అది కూడా ఫుట్‌పాత్‌లాగే కనిపిస్తుంది. ఫొటో కోసం రెండడుగులు వెనక్కి వేస్తే చాలు, ఆఫీసుకు పోయే సైకిళ్ల వరదలో పడతారు. గంట కొట్టరు, కొట్టినా అప్పటికి ఆలస్యమై ఉంటుంది. బస్సు దిగేటప్పుడు కొన్ని స్టాపుల్లో నేరుగా సైకిల్ దారి మీదికే కాలు పెట్టాల్సి వస్తుంది. అక్కడ దిగేవాళ్ల కోసం సైకిళ్లు ఆగాలని నిబంధన ఉంది, అయినా చూసుకుని దిగడమే క్షేమం. సైకిల్ తొక్కే మనిషి చెయ్యి పైకెత్తితే ఆగబోతున్నాడని అర్థం, పలకరింపు కాదు. ఇంకో సంగతి, రోడ్డు ఖాళీగా ఉన్నా స్థానికులు ఎర్ర లైటు దగ్గర నిలబడే ఉంటారు.

తొమ్మిదింటికి టౌన్‌హాల్ చౌరస్తా నుంచి బయల్దేరవచ్చు. స్ట్రాయెట్‌ను చరిత్ర కోసం చూడాలే తప్ప అందం కోసం కాదు. కార్లు పోయాక అద్దెలు పెరిగాయి, అద్దెలు పెరిగాక ఏ దేశంలోనైనా కనిపించే గొలుసు దుకాణాలు వచ్చి కూర్చున్నాయి. దానికి సమాంతరంగా దక్షిణాన కొంపాని స్ట్రేడె, లేదర్ స్ట్రేడె అనే సన్న వీధులున్నాయి. పాత సామాను అంగళ్లు, కాఫీ హోటళ్లు అక్కడ. కార్లు రావచ్చు, కానీ మనిషి నడక వేగంతోనే. ఈ ప్రాంతంలో కూడళ్ల దగ్గర ఆగి తలెత్తి చూడండి. మూల ఇళ్లకు మొన ఉండదు, ఏటవాలుగా కోసేసినట్టుంటుంది. 1795 అగ్నిప్రమాదం ఊరిని మింగేశాక పెట్టిన నియమం అది. పొడవాటి నిచ్చెనలు మోసే అగ్నిమాపక బండ్లు సందుల్లో తిరగడానికి వీలుగా మూలలు కోసి కట్టాలన్నారు. రెండు శతాబ్దాల తర్వాత ఆ కోసిన మూలల వల్లే చిన్న కూడళ్లు కూడా ఇరుగ్గా అనిపించవు, పక్క వీధి ముందే కళ్లబడుతుంది.

పదింటికి గుండ్రటి బురుజు రుండేటోర్న్ తెరుస్తారు. నాలుగో క్రిస్టియన్ రాజు కట్టించిన ఈ 34.8 మీటర్ల నక్షత్రశాల 1642లో పూర్తయింది. పైకి మెట్లు లేవు, చివర్లో కొన్ని తప్ప. ఇటుక పరిచిన వాలు దారి నడిమి స్తంభం చుట్టూ ఏడున్నర చుట్లు తిరుగుతుంది. పైనున్న గ్రంథాలయానికి పుస్తకాలూ నక్షత్రశాలకు పరికరాలూ చేరవేయడానికి అలా కట్టారు. బయటి గోడ వెంట వాలు 10 శాతం, లోపలి స్తంభం వెంట 33 శాతం. దగ్గరి దారని లోపలి వైపు నడిచేవాళ్లకు రెండో చుట్టుకే ఆయాసం వస్తుంది. బయటి గోడ పట్టుకుని ఎక్కాలి.

రాజభటుల మార్పిడి మధ్యాహ్నం 12 గంటలకు రాజుగారి భవనాలున్న అమేలియన్‌బోర్గ్ ఆవరణలో జరుగుతుంది. అక్కడ మూడు వరుసల తలల వెనక నిలబడి చూసేదేమీ ఉండదు. భటులు 11:30కి రోసెన్‌బోర్గ్ కోట పక్కనున్న బ్యారక్‌ల నుంచి ఊరి వీధుల గుండా కవాతు చేస్తూ బయల్దేరతారు. ఆ గేటు దగ్గర చూడటమే మేలు. బురుజు నుంచి అక్కడికి పది నిమిషాల నడక.

భోజనానికి దగ్గర్లోనే నోరెపోర్ట్ స్టేషన్ వెనకాల టోర్వెహాలర్న్ అనే గాజు గోడల మార్కెట్ ఉంది. స్థానిక తిండి స్మోర్‌బ్రోద్: నల్లటి రై రొట్టె ముక్క మీద వెన్న, ఆపైన చేపో మాంసమో గుడ్డో. చేత్తో ఎత్తితే కూలిపోతుంది, కత్తీ ఫోర్కుతోనే తినాలి. ఇది మధ్యాహ్నపు తిండి. పేరున్న పాత హోటళ్లలో మూడు దాటాక వెళ్తే వంటగది మూసి ఉండవచ్చు. శాకాహారులకు ఉడికిన బంగాళాదుంప ముక్కలు, ఉల్లికాడలు వేసినది దొరుకుతుంది, అయితే దాని మీద మయోనైజ్ వేస్తారు. గుడ్డు తిననివాళ్లు ముందే చెప్పాలి. నీళ్ల సీసాలు కొనక్కర్లేదు, కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగవచ్చు. ఇక్కడ యూరో కాదు, క్రోన్ నడుస్తుంది. ఒక యూరోకు దాదాపు ఏడున్నర క్రోన్లు. కార్డు ఉంటే నోట్లు మార్చుకునే పనే లేదు.

రాజుగారి తోట గుండా నడిచి న్యూహౌన్ చేరితే ఒకటిన్నర అవుతుంది. ఈ కాలువ 1670ల్లో తవ్వారు, తొమ్మిదో నంబరు ఇల్లు 1681 నాటిది. ఎండ పడే ఉత్తరపు గట్టు మీదే హోటళ్లన్నీ. అక్కడ డబ్బు కట్టేది తిండికి కాదు, కుర్చీకి. స్థానికులు వేరేచోట కొన్నది తెచ్చుకుని గట్టు రాళ్ల మీద కూర్చుంటారు, ఎవరూ కాదనరు.

ప్యాకేజీ బస్సులు ఇక్కడి నుంచి ఉత్తరానికి, జలకన్య వైపు తిరుగుతాయి. నడిచేవాళ్లు తూర్పుకు, నీటి అవతలికి పోవాలి. 2016లో తెరిచిన ఇన్నర్‌హౌన్ వంతెన పాదచారులకూ సైకిళ్లకూ మాత్రమే. ఓడ వస్తే రెండు భాగాలూ పక్కకు జరిగిపోతాయి, మళ్లీ కలిసే దాకా కొన్ని నిమిషాలు ఆగాలి. నడుమ అతుకు దగ్గర దారి వంకర తిరుగుతుంది, అదే చోటికి వాలు మీద నుంచి సైకిళ్లు జోరుగా దిగుతాయి. ఫొటోకు ఆగితే అక్కడ మాత్రం ఆగకండి.

అవతల క్రిస్టియన్స్‌హౌన్ పేట. ఒడ్డు వెంట స్ట్రాండ్‌గేడ్ వీధిలో దక్షిణానికి వస్తే ఆసియాటిస్క్ ప్లాడ్స్ తగులుతుంది. 1732లో ఏర్పడిన డేనిష్ ఆసియా కంపెనీ ఓడల సరుకు దిగిన చోటు ఇది. తమిళనాడులోని తరంగంబాడి 1620 నుంచి 1845లో ఇంగ్లిష్ కంపెనీకి అమ్మేదాకా డేన్ల చేతిలోనే ఉంది. తెలుగువాళ్లకు ఇంకొంచెం దగ్గరి తీగ కూడా ఉంది. డెన్మార్క్ రాజు పంపిన క్రైస్తవ మిషన్ తరఫున 1719లో తరంగంబాడి చేరిన బెంజమిన్ షుల్జ్ తర్వాత మద్రాసులో తెలుగు నేర్చి వ్యాకరణం రాశాడు. తొలి తెలుగు అచ్చు పుస్తకాలు 1746 ప్రాంతంలో జర్మనీలోని హాలేలో అచ్చయింది ఆయన చేతి మీదుగానే. గైడు పుస్తకాల్లో ఈ ముక్క ఉండదు గానీ, ఆ గోదాముల ముందు ఒక నిమిషం ఆగడానికి మనకు కారణం ఉంది.

కాస్త ముందుకెళ్తే వోర్ ఫ్రెల్సర్స్ చర్చి. 400 మెట్లు, చివరి 150 బయటి వైపు, శిఖరం చుట్టూ మెలికలు తిరుగుతూ ఉంటాయి. ఎక్కేకొద్దీ మెట్టు సన్నబడి చివరికి ఒక మనిషి మాత్రం పట్టేంత అవుతుంది. దిగేవాళ్లూ అవే మెట్లు దిగాలి. టికెట్ మీద సమయం ఉంటుంది కాబట్టి ముందే కొనుక్కోవాలి. గాలివానైతే మూసేస్తారు, నడి చలికాలంలో అసలు తెరవరు. ఎత్తంటే భయమున్నవాళ్లు దీన్ని వదిలేసి, అవతల ఒడ్డున పార్లమెంటు ఉన్న క్రిస్టియన్స్‌బోర్గ్ గోపురం ఎక్కవచ్చు. అక్కడ లిఫ్టు ఉంది, ప్రవేశం ఉచితం, సోమవారం సెలవు.

చర్చి నుంచి కాలువ వెంట నడిస్తే కళాకారుడు ఓలాఫుర్ ఎలియాసన్ రూపకల్పన చేసిన, 2015లో తెరిచిన సర్కెల్ వంతెన వస్తుంది. అయిదు గుండ్రటి వేదికలు ఒకదానికొకటి తగిలి వంకరటింకరగా సాగుతాయి. సైకిలు వేగం తగ్గించక తప్పదు, కావాలనే అలా కట్టారు. క్నిప్పెల్స్ వంతెన దాటి వెనక్కి వస్తే, 2024 ఏప్రిల్ 16న కాలిపోయిన పాత స్టాక్ ఎక్స్ఛేంజి భవనం పునర్నిర్మాణం కనిపిస్తుంది. నాలుగు డ్రాగన్ల తోకలు మెలిపెట్టిన దాని గోపురం ఆ రోజు మంటల్లో కూలిపోయింది. అక్కడి నుంచి టౌన్‌హాల్ దాకా కలుపుకుంటే మొత్తం సుమారు 8 కిలోమీటర్లు.

ఈ వరుస మే నుంచి సెప్టెంబరు దాకా చెల్లుతుంది. జూన్ చివర్లో పగలు పదిహేడున్నర గంటలు, తొందరే లేదు. డిసెంబరులో ఏడు గంటలే, మూడున్నర దాటగానే చీకటి. అప్పుడు రేవు భాగాన్ని పొద్దున్నే ముగించి, మార్కెట్టూ బురుజూ సాయంత్రానికి ఉంచుకోవాలి. ఏ కాలమైనా రేవు గాలికి గొడుగు నిలవదు, గాలి చొరని జాకెట్ కావాలి. సోమవారం చాలా మ్యూజియంలకు సెలవు. నడకకు మాత్రం ఆ బెడద లేదు.

జలకన్య సంగతి. 1913లో పెట్టిన ఆ కంచు విగ్రహం ఎత్తు 1.25 మీటర్లు. న్యూహౌన్ నుంచి పోనూ రానూ మూడున్నర కిలోమీటర్లు, అంటే క్రిస్టియన్స్‌హౌన్ మొత్తానికి పట్టే సమయం. పాత కోట కట్ట మీద నడక కోసం వెళ్తే ఆ దూరం గిట్టుబాటే. విగ్రహం కోసమే అయితే కాదు. సాయంత్రం విమానం ఉండి, పెట్టెలు స్టేషన్‌లో లేకపోతే, సెంట్రల్ స్టేషన్ దాకా పోకుండా క్రిస్టియన్స్‌హౌన్‌లోనే ఎం2 ఎక్కేయండి. ఊరు చుట్టి రానక్కర్లేదు, బండి అటునుంచి అటే విమానాశ్రయం చేరుస్తుంది.