తెర మీద కనిపించే నంబరుకు ఫోన్ చేయకండి

"మీ కంప్యూటర్‌లో ప్రకటనలు వస్తున్నాయా? అయితే వైరస్ చేరినట్టే! ఈ ఆరు పనులు వెంటనే చేయండి" అనే సందేశం మళ్లీ వాట్సాప్‌లో చక్కర్లు కొడుతోంది. బంధువుల గ్రూపులో అదే, అపార్ట్‌మెంట్ గ్రూపులో అదే, పాత సహోద్యోగుల గ్రూపులోనూ అదే. పంపినవాళ్లు మంచి మనసుతోనే పంపారు. కానీ ఇందులో ఒక సలహా మనుషుల బ్యాంకు ఖాతాలు ఖాళీ చేయించేది కాబట్టి ఊరుకోలేకపోతున్నాను.

ఆ ఆరు సలహాలు ఇవి. ఒకటి, బ్రౌజర్ హిస్టరీ తుడిచేయండి. రెండు, నడుస్తున్న ప్రోగ్రాములను చూపే టాస్క్ మేనేజర్‌లో ఎస్‌వీసీహోస్ట్ అనే ఫైలు ఒకటికంటే ఎక్కువసార్లు కనిపిస్తే వైరసే, తొలగించండి. మూడు, రెండు మూడు యాంటీవైరస్‌లు వేసుకోండి. నాలుగు, రిజిస్ట్రీ క్లీనర్ నడపండి. ఐదు, హెచ్చరికతోపాటు తెర మీద వచ్చే మైక్రోసాఫ్ట్ నంబరుకు ఫోన్ చేయండి, ఉచితంగా బాగుచేస్తారు. ఆరు, ఏదీ పనిచేయకపోతే ఫార్మాట్ చేయండి, అంటే డిస్క్ మొత్తం తుడిచి విండోస్ మళ్లీ వేసుకోండి.

హిస్టరీ తుడిస్తే మీరు చూసిన పేజీల జాబితా పోతుంది, అంతే. ప్రకటనలు పోవు.

రెండోది ప్రమాదకరమైన అజ్ఞానం. విండోస్ తన సొంత పనులను నడుపుకునేదే ఎస్‌వీసీహోస్ట్. ర్యామ్ మూడున్నర జీబీకి మించిన కంప్యూటర్లలో 2017 నుంచి విండోస్ 10 ఒక్కో పనికి ఒక్కో ఎస్‌వీసీహోస్ట్‌ను విడిగా నడుపుతోంది. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న కంప్యూటర్‌లోనూ అవి డజన్ల కొద్దీ కనిపిస్తాయి. ఇలాంటి పుకారు కొత్తదీ కాదు. 2002లో ఎలుగుబంటి బొమ్మ గుర్తు ఉన్న ఒక ఫైలు వైరస్ అని ఈమెయిళ్లు తిరిగాయి. అది విండోస్‌తో వచ్చిన మామూలు ఫైలే. ఆ మాట నమ్మి ఎంతోమంది దాన్ని చేజేతులా తుడిచేసుకున్నారు.

మూడోది అనవసరం. విండోస్ 10, 11లలో మైక్రోసాఫ్ట్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ ఎలాగూ ఉంది, ఇంటి కంప్యూటర్‌కు అది చాలు. రెండు యాంటీవైరస్‌లు ఒకదాని పనికి ఒకటి అడ్డుపడతాయి, కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది.

ఇక రిజిస్ట్రీ క్లీనర్లు. విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటే రిజిస్ట్రీ, దాన్ని శుభ్రం చేస్తామనేవే ఇవి. వీటి వాడకాన్ని తాము సమర్థించబోమని మైక్రోసాఫ్టే రాతపూర్వకంగా చెప్పింది. వీటిలో చాలామటుకు స్వయంగా అక్కర్లేని సాఫ్ట్‌వేరే. వందల లోపాలున్నాయని ఎర్రటి అక్షరాల్లో చూపించి, సరిచేయాలంటే డబ్బు కట్టమంటాయి. పేరున్న శుభ్రపరిచే సాఫ్ట్‌వేర్‌కే దిక్కులేకపోయింది: 2017లో సీక్లీనర్ తయారీదారుల సర్వర్‌లోకే దుండగులు చొరబడ్డారు. దాంతో 5.33 వెర్షన్‌తోపాటు హానికరమైన కోడ్ 20 లక్షలకు పైగా కంప్యూటర్లకు చేరింది.

అసలు ఈ ప్రకటనలు ఎక్కడి నుంచి వస్తాయో ఆ సందేశంలో ఒక్క ముక్క లేదు. చాలా ఇళ్లలో జరిగేది ఇదీ. క్రికెట్ ప్రత్యక్ష ప్రసారం ఉచితమనో, కొత్త సినిమా డౌన్‌లోడ్ అనో చెప్పే సైటు తెరవగానే "మీరు రోబో కాదని నిరూపించుకోవడానికి అలౌ నొక్కండి" అని వస్తుంది. నొక్కితే ఆ సైటుకు నోటిఫికేషన్లు పంపే అనుమతి ఇచ్చేసినట్టే. ఇక ఆ సైటు మూసేసినా తెర కింద కుడిమూల "వైరస్‌లు దొరికాయి", "మీ రక్షణ గడువు ముగిసింది" అంటూ చిన్న పెట్టెలు పడుతూనే ఉంటాయి. ఆ పెట్టెను కాస్త నిదానంగా చూడండి. చిన్న అక్షరాల్లో ఒక సైటు పేరు ఉంటుంది. నిజమైన వైరస్ తన చిరునామా రాసుకుని రాదు.

క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరవండి. అనుమతి ఉన్న సైట్ల జాబితాలో ఆ పేరు కనిపిస్తుంది, తీసేయండి. తర్వాత ఎక్స్‌టెన్షన్ల (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాముల) జాబితా చూసి మీరు పెట్టనివి తొలగించండి. ఉచిత సాఫ్ట్‌వేర్‌తోపాటు అడగకుండా దిగినవి కూడా ఉంటాయి కాబట్టి, విండోస్‌లో ఇన్‌స్టాల్ అయిన యాప్‌ల జాబితాను తేదీల వారీగా పేర్చండి. గొడవ మొదలైన రోజుల్లో వచ్చి చేరినవాటిని అన్‌ఇన్‌స్టాల్ చేయండి. సెర్చ్ పేజీ మళ్లీ మళ్లీ మారిపోతుంటే ఇలాంటి ప్రకటనల సాఫ్ట్‌వేర్‌ను తీసేసే మాల్‌వేర్‌బైట్స్ వారి ఆడ్‌వ్‌క్లీనర్‌ను వాళ్ల సొంత సైటు నుంచే దించుకుని ఒకసారి నడపండి. అది ఉచితం. ప్రకటనలను ఆపే ఎక్స్‌టెన్షన్ కూడా ఒకటి పెట్టుకోండి. అమెరికా ఎఫ్‌బీఐ 2022 డిసెంబరులో ప్రజలకు ఇచ్చిన హెచ్చరికలో ఇదే సలహా ఉంది. సెర్చ్ ఫలితాల పైన డబ్బు కట్టి పెట్టించుకున్న నకిలీ సైట్లకు మనుషులు దొరికిపోతున్నారన్నదే ఆ సలహాకు కారణం.

ఇప్పుడు ఐదో సలహా. నాకు ఒళ్లు మండేది దీని దగ్గరే.

తెరంతా నీలంగా మారుతుంది, సైరన్ మోగుతుంది, "కంప్యూటర్ ఆపవద్దు, మీ సమాచారమంతా పోతుంది" అని ఒక గొంతు హెచ్చరిస్తుంది, మధ్యలో ఒక ఫోన్ నంబరు మెరుస్తుంది. అది కేవలం ఒక వెబ్ పేజీ. ఎస్కేప్ మీటను కాసేపు నొక్కి పట్టుకుంటే నిండు తెర నుంచి బయటికి రావచ్చు. రాకపోతే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కి, టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ఆపేయండి. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు తెరవమంటారా అని అడిగితే వద్దనండి. తమ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెప్పింది. భయపెట్టే పేజీయే తన నంబరు తానే ఇస్తుంటే, అది మైక్రోసాఫ్ట్ నంబరని ఎలా నమ్మారు? నమ్మితే నమ్మారు, పది మందికి పంచడం సేవ అని ఎలా అనుకున్నారు?

ఫోన్ చేస్తే ఏం జరుగుతుందో వినండి. మర్యాదగా మాట్లాడే మనిషి, దూరం నుంచి కంప్యూటర్‌ను నడపనిచ్చే ఎనీడెస్క్ వంటి యాప్ పెట్టించి మీ మౌస్‌ను తన చేతిలోకి తీసుకుంటాడు. విండోస్ తన లోపల జరిగేవన్నీ రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి ఎర్ర, పసుపు గుర్తుల వరస చూపించి ఇవన్నీ వైరస్‌లంటాడు. నిన్న కొన్న కంప్యూటర్‌లోనూ ఆ గుర్తులుంటాయి. తర్వాత కమాండ్ ప్రాంప్ట్ అనే నల్లటి కిటికీలో ఒక ఆదేశం కొడతాడు. చివర 888డీసీఏ60 అని మొదలయ్యే పొడవాటి సంఖ్య వస్తుంది. ఆ సంఖ్యను ఫోన్‌లో చదివి వినిపించి, ఇది మీ కంప్యూటర్ లైసెన్సు నంబరు, మా దగ్గర ఉంది చూడండి, అంటాడు. అదే సంఖ్య మా ఇంటి కంప్యూటర్‌లోనూ ఉంది, మీ పక్కింటివాళ్ల దాంట్లోనూ ఉంటుంది, ఎందుకంటే విండోస్ అంతటా అది ఒకటే. జీవితంలో ఎవరినీ మోసం చేయని రిటైరైన ఉపాధ్యాయుడికి ఇది తెలిసే దారి ఏది? ఆయన నమ్ముతాడు. అప్పుడు రక్షణ పథకం పేరుతో డబ్బు అడుగుతారు, లేదా తమ కళ్లెదుటే ఆయన బ్యాంకు ఖాతాలోకి లాగిన్ చేయిస్తారు.

ఎనీడెస్క్‌ను అడ్డుపెట్టుకుని ఖాతాలు దోచుకుంటున్నారని రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. మైక్రోసాఫ్ట్, అమెజాన్‌ల ఫిర్యాదుల ఆధారంగా 2023 అక్టోబరులో సీబీఐ ఆపరేషన్ చక్ర-2 పేరుతో ఇలాంటి నకిలీ సాంకేతిక సహాయ కాల్ సెంటర్ల మీద దాడులు చేసింది. ఇన్ని జరిగాక కూడా ఆ నంబరుకు ఫోన్ చేయమని చెప్పే సందేశాన్ని మనం చేతులారా ముందుకు తోస్తున్నాం.

మిగిలింది ఫార్మాట్. నోటిఫికేషన్ అనుమతి ఒకటి తీసేస్తే పోయేదానికి ఫార్మాట్ చేయడమంటే ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే. కానీ ఒక సందర్భంలో మాత్రం ఈ సలహా సరైనదని ఒప్పుకోవాలి. ఐదో సలహా పాటించి బయటి మనిషికి కంప్యూటర్ అప్పగించినవాళ్లు ఫార్మాట్ చేయాల్సిందే. ఆ కాసేపట్లో వాడు లోపల ఏం పెట్టి వెళ్లాడో ఇంట్లో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు.

అయితే అది మొదటి పని కాదు. ముందు ఇంటర్నెట్ తీసేయండి. వెంటనే బ్యాంకుకు, ఆ తర్వాత సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లను వేరే ఫోన్ నుంచో, వేరే కంప్యూటర్ నుంచో మార్చండి. ఫొటోలు, డాక్యుమెంట్లు మాత్రం బయటి డిస్క్‌లోకి తీసుకోండి, ప్రోగ్రాములు వద్దు. వాళ్లు ఫోన్ చేసిన నంబర్లు, డబ్బు వెళ్లిన ఖాతా వివరాలు, తెర మీద వచ్చిన పేజీ ఫొటో ఉంటే అదీ భద్రపరచండి. ఫిర్యాదుకు అవి కావాలి. ఇవన్నీ అయ్యాకే ఫార్మాట్ చేయండి.