పోయిన వారం రావాల్సింది

ఇంగ్లండు వచ్చి నాలుగేళ్ళయింది. వానకి అలవాటు పడ్డాను. మధ్యాహ్నం నాలుగింటికే చీకటి పడే డిసెంబరుకి అలవాటు పడ్డాను. కీరా ముక్కలు రెండు బ్రెడ్డు ముక్కల మధ్య పెట్టి దాన్ని తిండి అంటే సరేనన్నాను. ఒక్క మాటకి మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. డబ్బులు కట్టి తోట చూడ్డానికి వెళ్తే, ఆ తోట గలావిడ గేటు దగ్గరే ఎదురొచ్చి, చేతులు నలుపుకుంటూ అనే మాట: "అయ్యో, మీరు పోయిన వారం రావాల్సిందే!"

మే నెలలో వెళ్తే తులిప్‌లు రాలిపోయాయంటారు. జూన్‌లో గులాబీలు మొన్నటి వానకి కుళ్ళాయంటారు. ఒకసారి పంతం పట్టి ప్రకటించిన రోజుల్లో మొదటి రోజే వెళ్ళాం. "ఇంకో పది రోజులు ఆగాల్సింది" అన్నారు. అంటే ఈ దేశంలో ప్రతి తోటా ఏడాదిలో ఒకే ఒక్క రోజు బాగుంటుంది, ఆ రోజు గేటు మూసి ఉంటుంది.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. వేసవి వచ్చిందంటే ఇక్కడి పల్లెల్లో పసుపుపచ్చ పోస్టర్లు మొలుస్తాయి. నేషనల్ గార్డెన్ స్కీమ్ వాళ్ళవి. ఉన్నవాళ్ళు తమ ఇంటి తోటని ఏడాదికి ఒకటో రెండో రోజులు జనానికి తెరుస్తారు. టికెట్టు డబ్బు, టీ డబ్బు, కేకు డబ్బు చాలావరకు నర్సింగు సేవలకీ, కేన్సరు సేవలకీ పోతుంది. ఆలోచన ఎల్సీ వాగ్ అనే ఆవిడది. ఇళ్ళకెళ్ళి రోగుల్ని చూసే నర్సులకి డబ్బు చాలక, అప్పటి చిల్లర నాణెం షిల్లింగు మనిషికొకటి తీసుకుని గొప్పింటివాళ్ళ తోటలు చూపిద్దామంది. 1927లో 609 తోటలు తెరిస్తే ఎనిమిది వేల పౌన్ల పైచిలుకు వచ్చింది. రాజుగారు కూడా సాండ్రింగమ్ తోట తెరిచారు. పోయిన వారం రావాల్సిందని ఆయన కూడా అన్నారో లేదో చరిత్రకెక్కలేదు.

ఈ ఆగస్టులో మా మామగారిని తీసుకెళ్ళాను. ఆయనది కడియపులంక. మొక్కల మధ్య పుట్టి, మొక్కలమ్మి ఇద్దరాడపిల్లల పెళ్ళిళ్ళు చేసిన మనిషి. అటువంటి ఆయన్ని తోట చూపిస్తానని తీసుకెళ్ళడం నాదే బుద్ధి తక్కువ. గేటు దగ్గర మనిషికి ఆరు పౌన్లంటే లెక్క వేసుకుని ఆగిపోయారు.

"అల్లుడుగారూ, ఆరొందల పైన ఇచ్చి తోట చూడ్డవేంటండీ? మా ఊళ్ళో చూసినోళ్ళకి మేమే టీ ఇప్పిస్తావండి."

లోపల తిరుగుతున్నాం. జనం గుళ్ళో ప్రదక్షిణ చేసినట్టు నిశ్శబ్దంగా, వరసగా, ఒకే దిక్కుగా నడుస్తున్నారు. తోట చివర ఎండ తగిలే గోడ పక్కన పెద్ద గుంపు. పాతికమంది మెడలెత్తి చూస్తున్నారు. ఒకాయన మోకాళ్ళ మీద కూర్చుని ఫోటో తీస్తున్నాడు. ఇంటావిడ గొంతు తగ్గించి చెబుతోంది: మార్చిలో వంటింటి కిటికీలో విత్తనం నాటిందట, ఏప్రిల్లో రాత్రిళ్ళు చలికి భయపడి రేడియేటరు పక్కన పెట్టుకుందట, జూన్ దాకా బయటి గాలి సోకనివ్వలేదట. పక్కనే రాతిపలక మీద లాటిన్ పేరు: రిసినస్ కమ్యూనిస్. కింద ఎర్ర అక్షరాలతో, ముట్టుకోకండి, గింజలు విషం.

మామగారు గుంపుని తోసుకుని ముందుకెళ్ళారు. చూశారు. వెనక్కి తిరిగి నా మొహం చూశారు. మళ్ళీ చూశారు.

"ఆవదం చెట్టండీ ఇది!"

ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. ఆ సామెతకి పూజ జరుగుతుండగా నా కళ్ళతో చూశాను. అరచేయిలాంటి ఆకుని తిప్పి మామగారు ఈనె పట్టుకుని నిమురుతుంటే ఆవిడ గుండె పట్టుకుంది. విషమని చెప్పింది. "ఈవిడకి చెప్పండి, చిన్నప్పుడు మాయమ్మ నన్ను కాళ్ళ మధ్య ఇరికించుకుని దీని నూనే తాగించేదండి. రెండ్రోజులు దొడ్డికీ ఇంటికీ తిరిగేవోణ్ణి." నేను కొంత కోసి తర్జుమా చేశాను. ఆవిడ మామగారిని ఆ లాటిన్ పలక కన్నా ఆసక్తిగా చూసి, నిట్టూర్చి, "పోయిన వారం వచ్చుంటే దీని ఎర్ర కాయలు చూసేవారు" అంది.

పక్కన అరటి చెట్టు కూడా ఉంది. నవంబరు రాగానే దానికి గడ్డి చుట్టి, పైన గుడ్డ కప్పుతారట. గెల ఎప్పుడేస్తుందని అడిగారు మామగారు. గెల కోసం కాదట, ఆకు అందం కోసమట. ఆయన ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

చివర్లో టీ. టేబులు మీద గుడ్డ, నిమ్మకాయ కేకు, కేకు పక్కన డబ్బుల డబ్బా. "ఈ ముక్క ఒక నర్సుని మీ ఇంటికి పంపిస్తుంది" అని మురిసిపోతూ చెప్పింది వడ్డించే పెద్దావిడ. అంతవరకూ నవ్వుకుంటున్నవాణ్ణి, అక్కడ నవ్వు రాలేదు.

ఎందుకంటే ఆ నర్సుని నేను చూశాను. పోయిన చలికాలంలో మా పక్కింటి పెద్దాయన, రిటైరైన బస్సు డ్రైవరు, కేన్సరుతో ఇంట్లోనే పోయాడు. చివరి వారం రాత్రిళ్ళు ఒక నర్సు వచ్చేది. దిండు పక్కన కళ్ళద్దాల పెట్టె అంత మిషను, అందులోంచి సన్నటి గొట్టంలో మార్ఫిను. అది ఉన్నంతసేపు ఆయన మూలుగు మా గోడకి వినపడలేదు. ఆ మిషనుకీ ఆ రాత్రి డ్యూటీకీ డబ్బు కేకు ముక్కల్లోంచి రావాలా? ఆదివారం వాన పడి జనం రాకపోతే ఏం చేస్తారు, మూలగమంటారా? ఈ దేశంలో చివరి రోజుల్లో ఉన్న రోగుల్ని చూసుకునే హాస్పిసులకి సర్కారు ఇచ్చేది వాళ్ళ ఖర్చులో సుమారు మూడో వంతు. మిగతాది పాత బట్టలమ్మి, పరుగు పందేలు పరిగెత్తి, ఆముదం చెట్లు చూపించి తెచ్చుకోవాలి. నా జీతంలో నెలనెలా నేషనల్ ఇన్సూరెన్సు అని సర్కారు వాళ్ళు కోస్తారు. వీసా పొడిగిస్తే మనిషికి ఏడాదికి 1,035 పౌన్లు వైద్యానికని ముందే గుంజుతారు. అదంతా తీసుకుని, చచ్చేవాడికి నొప్పి తగ్గించడానికి ఒక ముసలావిణ్ణి పొయ్యి దగ్గర నిలబెడతారా? షిల్లింగు 1971లో పోయింది. సామ్రాజ్యం అంతకు ముందే పోయింది. నర్సుకి చందా మాత్రం పోలేదు. ఆ కేకు చేసిన పెద్దావిడకి దణ్ణం పెడతాను. ఆవిడ చేత చేయిస్తున్నవాళ్ళకి సిగ్గుండాలి.

బయటికొచ్చే దారిలో మొక్కల బల్ల ఉంది. పెరుగు డబ్బాలో జానెడు ఆముదం మొక్క, మూడు పౌన్లు. మామగారు అలవాటు కొద్దీ రెండున్నరకి బేరమాడారు. డబ్బు నర్సులకని చెప్పగానే అయిదు నోటు ఇచ్చి చిల్లర వద్దన్నారు. కారులో ఆ డబ్బాని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కడియపులంక నర్సరీ రైతు లండను దారిలో ఆముదం మొక్క కొన్నాడని ఊళ్ళో చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు.

సెప్టెంబరులో ఆయన వెళ్ళిపోయారు. నవంబరు మొదటి మంచుకి మొక్క నల్లగా వేలాడిపోయింది. ఆ ఆదివారమే వీడియో కాల్. "ఏదండీ, మన చెట్టు ఒక్కసారి చూపించండి" అన్నారు.

ఫోను మెల్లగా గోడ వైపు తిప్పాను.

"పోయిన వారం చేయాల్సింది మామయ్యగారూ."