బిట్రగుంట కూత

ఇంగ్లండ్‌లో మన తెలుగు సంఘం ఉగాది సభలో పచ్చడి పంచడం అయ్యాక, ఎప్పటిలాగే "ఈ ఏడు ఊరికి ఏం చేద్దాం" అన్న మాట వచ్చింది. నెల్లూరు జిల్లా బిట్రగుంటలోని పాత ఆవిరి ఇంజన్ల షెడ్డును (లోకో షెడ్డు) నిలబెట్టుకుందామన్న సంగతి నేను ఎత్తాను. "తుప్పు ఇనుముకు పౌండ్లు పోస్తామా అండీ?" అన్నారొకరు. హాలంతా నవ్వింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పోయిన వేసవిలో మనమే కదా, పులిహోర డబ్బాలు కట్టుకుని ససెక్స్‌లోని బ్లూబెల్ ఆవిరి రైలెక్కింది! 1958లో మూసేసిన లైను అది. 1960లో వాలంటీర్లు కొంతదూరం మళ్లీ బండి నడిపారు. ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ దాకా వెళ్లడానికి 2013 వచ్చింది. దారిలో ఒకచోట పట్టాల లోయను ఇళ్ల చెత్తతో పూడ్చేసి ఉంటే, ఆ చెత్తంతా తవ్వి తీశారు. అంత ఓపిక!

ఆ రోజు ఇంజన్‌లో ఒక పెద్దాయన బొగ్గు వేస్తుంటే నాకు మా నాయన కనిపించాడు. బిట్రగుంటలో ఫైర్‌మ్యాన్ ఆయన. మద్రాసు–బెజవాడ దారిలో ఇంజన్లు మారే ఊరది. డ్యూటీ దిగి వస్తే కనురెప్పల్లో కూడా బొగ్గే. అమ్మ ఎంత ఉతికినా ఆ బనీను తెల్లబడేది కాదు. "పార విసరడం కాదబ్బయ్యా, మంట యాడ పలచబడిందో ఆడ పరచాల" అనేవాడు. ఆవిరి ఇంజన్లతో పాటే ఊరి సందడీ పోయింది.

కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగే పల్లెలకు ముందు నీళ్లు శుద్ధిచేసే ప్లాంటు పెట్టాలన్నారు సభలో కొందరు. న్యాయమైన మాట, దానికి నేనూ చందా ఇచ్చాను. కానీ మనకో పాడు అలవాటుంది. గుడి గోపురానికి ఏటా రంగులేస్తాం, మనవాళ్లు చెమటోడ్చిన చోటును మాత్రం పాత సామాన్ల కింద తూకానికి వేస్తాం. హర్యానాలో 1893 నాటి రేవాడి ఆవిరి ఇంజన్ల షెడ్డును మన రైల్వేవాళ్లే బాగుచేసి నిలబెట్టుకున్నారు. బిట్రగుంట ఏం పాపం చేసింది?

సరే, ఇప్పుడు డబ్బు అడగను. సంక్రాంతికి నెల్లూరు, కావలి వెళ్లేవాళ్లు ఒక్క పూట బిట్రగుంటలో దిగండి. రైల్వే కాలనీ పెద్దల దగ్గర కూర్చుని వాళ్ల మాటలు ఫోన్‌లో రికార్డు చేసి తెండి. రైల్వేకు మన సంఘం తరఫున ఒక అర్జీ రాద్దాం. ఆ పెద్దలు ఏటా తగ్గిపోతున్నారు.

మొన్న నేను వెళ్లినప్పుడు మా నాయన జోడీ ఒకాయన అరుగు మీద ఉన్నాడు. చూపు ఆనదు. బ్లూబెల్ వీడియో చెవి దగ్గర పెట్టాను. కాసేపు విని, "ఎగువెక్కతా ఉండాదే బండి" అన్నాడు. నిజమే, అది ఎగువే.