సీసా లెక్క కూడా చూడాలి
ఆర్గానిక్ బీరు, అంటే రసాయన ఎరువులు, మందులు లేకుండా పండించిన పంటతో చేసే బీరు, పర్యావరణానికి అన్ని విధాలా మేలని మీ వ్యాసంలో రాశారు. పొలం వరకైతే చాలావరకు ఒప్పుకుంటాను. ఏడేళ్లుగా జర్మనీలోని బవేరియాలో ఉంటున్నాను, అక్కడి హల్లర్‌టౌ ప్రాంతంలో హాప్స్ తోటల్ని దగ్గర నుంచి చూశాను. హాప్స్ అంటే బీరుకు చేదు రుచినిచ్చే తీగ, ఏడు మీటర్ల ఎత్తుకు పాకుతుంది. ఆ పంటకు పేనుబంక, బూజు తెగులు బెడద చాలా ఎక్కువ. మామూలు తోటల్లో సీజన్‌లో మళ్లీ మళ్లీ మందు కొట్టాల్సిందే. ఆ రసాయన మందులు లేకుండా ఆర్గానిక్‌గా పంట తీయడం చిన్న విషయం కాదు, ఆ రైతులంటే నాకు నిజంగా గౌరవం. అయితే బూజుకు వాళ్లూ రాగి మందు వాడతారు, అది మట్టిలో పేరుకుంటుంది. ఆ మాట వ్యాసంలో లేదు. బీరుకు వాడే బార్లీ ధాన్యానికి యూరియా లాంటివి వేయకపోవడం ఇంకో లాభం, వాటి తయారీకే బోలెడు గ్యాస్ ఖర్చవుతుంది. కానీ బీరు కథ పొలంతో అయిపోదు కదా. అమెరికాలో న్యూ బెల్జియం కంపెనీ 2008లో తన ఫ్యాట్ టైర్ బీరు వల్ల గాలిలోకి ఎంత కార్బన్ డయాక్సైడ్ వెళ్తుందో లెక్క కట్టిస్తే, ఆరు సీసాల ప్యాక్‌కు సుమారు 3.2 కిలోలకు సమానమని తేలింది. అందులో దుకాణాల ఫ్రిజ్‌లు, గాజు సీసాల తయారీ వాటాలే పెద్దవి. ఇక్కడ జర్మనీలో మామూలు బీరు సీసా ఖాళీ చేసి వెనక్కిస్తే, కొన్నప్పుడు డిపాజిట్‌గా కట్టిన 8 సెంట్లు తిరిగిస్తారు, దాన్ని కడిగి మళ్లీ నింపుతారు. అందుకే నేను కొనేటప్పుడు ఆర్గానిక్ ముద్ర ఒక్కటే కాదు, అది మళ్లీ నింపే సీసానా, ఎంత దూరం నుంచి వచ్చింది అన్నది కూడా చూస్తాను.