రెండు ఆదివారాల్లో డాక్యుమెంటరీ దర్శకత్వం

నేను డాక్యుమెంటరీ దర్శకుణ్ణయ్యాను. అనుమానం ఉన్నవాళ్ళు మా ఇంటికొచ్చి చూసుకోవచ్చు, హాల్లో వేంకటేశ్వరస్వామి క్యాలెండరు పక్కనే సర్టిఫికెట్ లామినేషన్‌తో సహా వేలాడుతోంది. దీనికి పట్టిన కాలం రెండు ఆదివారాలు. భోజనం, పూటకో టీ వాళ్ళదే. పుణె ఫిలిం ఇన్‌స్టిట్యూట్ 1960 నుంచి పిల్లల్ని ఏళ్ళ తరబడి కూర్చోబెట్టి నేర్పే విద్యని మా సంస్థ 14 గంటలకి కుదించింది. పుణెలో ఇన్నాళ్ళూ వృథా అయిన యవ్వనాలని తల్చుకుంటే గుండె తరుక్కుపోతుంది.

సంస్థ అమీర్‌పేటలో ఉంది. జావాకీ, స్పోకెన్ ఇంగ్లీషుకీ మధ్య ఉన్న మెట్లెక్కి మూడో అంతస్తు. గుమ్మం మీద "బిగినర్స్‌కి డాక్యుమెంటరీ శిక్షణ, ఉపాధి గ్యారంటీ" అని రాసి ఉంది. ఉపాధి ఎవరికి అన్నది మాత్రం రాయలేదు. బోర్డు మీద చోటు చాల్లేదనుకుంటాను.

గిరాకీ లేదని కొందరు చప్పరిస్తారు. వాళ్ళకి చరిత్ర తెలీదు. ఈ దేశంలో డాక్యుమెంటరీకి ప్రేక్షకుల కొరత ఎన్నడూ లేదు. 1948లో పుట్టిన ప్రభుత్వ డాక్యుమెంటరీ సంస్థ ఫిలిమ్స్ డివిజన్ రీలుని దశాబ్దాలపాటు ప్రతి థియేటరూ అసలు సినిమాకి ముందు విధిగా వేసింది. విధిగా వేయించగలిగారు గానీ, బయట గోలీసోడా తాగేవాణ్ణి విధిగా లోపలికి తేలేకపోయారు. మా నాన్న టికెట్లిచ్చే కిటికీ దగ్గర అడిగే మొదటి మాట, "న్యూస్‌రీలు అయిపోయిందా?" కాలేదంటే ఇంకో బీడీ వెలిగేది. 2020 చివర్లో ఆ డివిజన్‌ని జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీలో కలిపేయాలని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. దీన్ని మా గురువుగారు "మార్కెట్‌లో పోటీ తగ్గడం" అన్నారు. ఆయన ఏ విషయాన్నయినా ఇలా వెలుతురు ఉన్న వైపు నుంచే చూస్తారు. కెమెరామన్‌గా పెళ్ళిళ్ళు చేసి వచ్చిన చెయ్యి మరి.

మొదటి పాఠం చరిత్ర, 20 నిమిషాలు. 1922లో రాబర్ట్ ఫ్లాహర్టీ అనే అమెరికన్ ఉత్తర కెనడా మంచులో ఒక ఇన్యూట్ వేటగాడి మీద తీసిన చిత్రం ఈ విద్యకి ఆదిపర్వం లాంటిది. ఆ వేటగాడి అసలు పేరు అల్లకరియల్లక్. నోరు తిరగదని తెర మీద నానూక్ అయ్యాడు. అప్పటికే అక్కడివాళ్ళ చేతుల్లో తుపాకులున్నా, తాతల నాటి ఈటెలతో వేటాడించారు. మంచు ఇంట్లో కెమెరాకి వెలుతురు చాలకపోతే, ఒక పక్క గోడే లేని ఇల్లు కట్టించి కుటుంబాన్ని అందులో పడుకోబెట్టి తీశారు. ఇదంతా పొరపాటని కొందరు పండితులు నూరేళ్ళుగా వాదిస్తున్నారట. మా గురువుగారికి అంత తీరిక లేదు. "నోట్ చేసుకోండి, నిజం సరిగ్గా కనపడాలంటే ఒక గోడ తీసెయ్యాలి" అన్నారు. అందరం నోట్ చేసుకున్నాం.

తర్వాత డ్రోన్. ఫీజులో ముప్పాతిక దీనికేనని నా అంచనా. దాని బరువు 249 గ్రాములు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల దాకా ఎగరేసేవాడికి పైలట్ లైసెన్సు అక్కర్లేదు. అంటే సాటి మనిషిని చీమంత చేసి చూపించడానికి ప్రభుత్వ అనుమతి అవసరం లేని బరువన్నమాట. ప్రతి చిత్రమూ డ్రోన్‌తో మొదలై డ్రోన్‌తోనే ముగియాలి. మధ్యలో ముడతలు పడ్డ చేతులు, కాళ్ళ పగుళ్ళు, పొయ్యిలో పొగ. వెనక ఫ్లూటు, నెట్‌లో ఫ్రీగా దొరికేది.

సరిగ్గా ఇక్కడే మా బ్యాచ్‌లో ఒకమ్మాయి చెయ్యెత్తింది. అప్పటికే రెండుసార్లు ఎత్తి ఉంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మహిళా సంగాల ఆడవాళ్ళు వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారనీ, వాళ్ళలో చాలామంది బడి మొహం చూడని దళిత మహిళలనీ, కెమెరా కోణాలకి పుస్తకాల్లోని పేర్లు నోటికి రాక సొంత పేర్లు పెట్టుకున్నారనీ చెప్పుకొచ్చింది. పై నుంచి కిందికి చూస్తే అది పటేల్ షాట్. గడి అరుగు మీద కూర్చున్న దొరకి కూలివాడు అలాగే కదా కనపడేది. ఎదుటి మనిషి కళ్ళకి సమానంగా కెమెరా పెడితే సంగం షాట్. సంగంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు కాబట్టి. "మరి సార్, ఈ డ్రోన్ పటేల్ షాటే కదా?"

గది నిశ్శబ్దమైపోయింది. గురువుగారు చలించలేదు. "వాళ్ళకి సర్టిఫికెట్ ఉందామ్మా?" అన్నారు.

లేదట. విషయం అక్కడితో తేలిపోయింది. కానీ ఆ పిల్ల ఊరుకోదే. 2002లో దేశంలో బీటీ పత్తికి, అంటే జన్యువులు మార్చిన పత్తికి, అనుమతి రాగానే, ఆ తొలి పంట ఎలా ఉంటుందో చూడ్డానికి అదే ఆడవాళ్ళు వరంగల్ జిల్లాకి వెళ్ళి, విత్తిన దగ్గర్నుంచి పత్తి ఏరేదాకా అవే ఊళ్ళు, అదే రైతుల చుట్టూ తిరిగి తీశారంది. దీన్ని నేను సూటిగా ఖండించాల్సి ఉంది. ఒక పంట కాలమంటే ఎన్ని ఆదివారాలు? అన్నాళ్ళలో మా సంస్థ ఎన్ని బ్యాచ్‌లని, ఎంతమంది దర్శకులని దేశానికి అందిస్తుంది? పైగా పంట చేతికొచ్చాక ఏమైందో తెలిసిన తర్వాత వ్యాఖ్యానం రాయడంలో గొప్పేముంది? మేము ముందే రాసుకుని వెళ్తాం.

మధ్యాహ్నం శబ్దం క్లాసు. ఎక్కడ తీసినా అక్కడి మౌనాన్ని ఒక నిమిషం విడిగా రికార్డు చేసుకోవాలట. మాటల మధ్య అతుకులు కనపడకుండా ఎడిటింగ్‌లో వాడుకుంటారు. అమీర్‌పేటలో ఒక నిమిషం మౌనం కోసం మేము గంటంపావు ప్రయత్నించాం. పక్క బిల్డింగ్‌లో బోరు మోటారు, కింద "పాత ఇనప సామాన్లు కొంటాం", గోడవతల ఇంటర్వ్యూ కోచింగ్‌లో "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్". చివరికి గురువుగారు తన దగ్గరున్న రెడీమేడ్ మౌనాన్ని పెన్‌డ్రైవ్‌లో అందరికీ ఇచ్చారు.

రెండో ఆదివారం ఫీల్డ్ వర్క్. నగరానికి గంటన్నర దూరంలో ఒక ఊరు, ఒక కుమ్మరి. అంతరించిపోతున్న కళ అన్నమాట. బిగినర్స్‌కి కుమ్మరి గానీ నేతగాడు గానీ తప్ప వేరే సబ్జెక్ట్ ఇవ్వరు. మా టెంపో ఆగగానే పెద్దాయన ఇంట్లోంచి వచ్చి, మమ్మల్ని లెక్కపెట్టి, చొక్కా విప్పి లోపల పెట్టి, చిరిగిన బనీను తొడుక్కుని వచ్చాడు.

"సారూ, ఆ యాపచెట్టు కింద కూసుంట. తొమ్మిదింటిదాక ఎండ మంచిగ పడ్తది. తర్వాత మొఖం నల్లగొస్తది."

నేను అనుమతి పత్రం తీశాను. ఇంగ్లీషులో 4 పేజీలు. ఆయన రూపాన్నీ గొంతునీ ఇప్పుడున్న మాధ్యమాల్లోనూ, ఇకముందు పుట్టబోయే మాధ్యమాల్లోనూ, విశ్వమంతటా, శాశ్వతంగా వాడుకునే హక్కు మాది. తెలుగులో వివరించబోతే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఎర్కనే సారూ. ఏలు ముద్రే గదా." స్టాంపు ప్యాడ్ ఆయన దగ్గరే ఉంది.

కర్రతో తిప్పే పాత చక్రం చెట్టు కింద సిద్ధంగా ఉంది. కెమెరా సర్దుతూ వెనక్కి జరిగితే, కొట్టంలో గోనెపట్టా కింద కరెంటు చక్రం కనపడింది. "మామా, మరి ఇదేంది?" అన్నాను. "పని చేస్కునేది అది. సినిమాకు ఇది" అన్నాడు. నాకు నానూక్ ఈటె గుర్తొచ్చి ఒళ్ళు పులకరించింది. చదివిన పాఠం ఇంత త్వరగా కళ్ళెదుట కనపడే కోర్సులు ఎన్నుంటాయి?

పెద్దాయన చక్రం తిప్పాడు. చేతులు దగ్గర్నుంచి కావాలా అని ఆయనే అడిగి, బురద కొంచెం ఎక్కువ పూసుకున్నాడు. కుండ లేస్తుండగా మా వాళ్ళలో ఒకడి బ్యాటరీ అయిపోతే, మళ్ళీ ముద్ద చేసి మొదలుపెట్టాడు. తర్వాత మమ్మల్ని తేరిపార చూసి, గొంతు తగ్గించి, "పోయిన బ్యాచోళ్ళు ఏడ్పిచ్చిన్రు. మీకు గూడ గావాల్నా? కొడుకు దుబాయి పోయిన ముచ్చట తీస్తే నీళ్ళు జల్ది వస్తయి" అన్నాడు.

కావాలన్నాం. వచ్చాయి. గురువుగారు డ్రోన్ లేపారు.

రెండు ఆదివారాల శిక్షణలో నూటికి నూరుపాళ్ళు పని నేర్చుకున్న మనిషి అక్కడ ఆ పెద్దాయనొక్కడే అని నాకు ఆ క్షణంలో అనిపించింది. సర్టిఫికెట్ ఇవ్వమని సిఫార్సు చేద్దామనుకున్నాను. కానీ ఫీజు కట్టలేదు కదా.

ఆ అమ్మాయికీ సర్టిఫికెట్ రాలేదు. తిరుగు ప్రయాణంలో టెంపో ఎక్కలేదు. ఆఖరి బస్సుకొస్తానని ఉండిపోయింది. సాయంత్రం ఎక్స్‌పోర్ట్ టైముకి ఆమె దగ్గర ఒక్క నిమిషం ఫుటేజీ కూడా లేదు. 22 మందిమి 22 సినిమాలు సమర్పించాం. అన్నిటిలోనూ అదే కుండ, అదే కన్నీళ్ళు, అదే ఫ్లూటు. ఏకాభిప్రాయమంటే అదీ.

ఇక ఉపాధి సంగతి. అబద్ధం కాదండీ, వచ్చింది. వచ్చే బ్యాచ్ నుంచి అదే మూడో అంతస్తులో నేను అధ్యాపకుణ్ణి. నా ముందు బ్యాచ్ ఫస్టు విద్యార్థి కూకట్‌పల్లి బ్రాంచికి వెళ్ళాడు. నేను చేర్పించే 30 మందిలో ఒకరు నా కుర్చీలోకి వస్తే నేను దిల్‌సుఖ్‌నగర్ వెళ్తాను. డాక్యుమెంటరీ కొనేవాడి కోసం మధ్యలో ఎవరూ ఎదురుచూడాల్సిన పనే లేని, ఇంత స్వయంసమృద్ధమైన పరిశ్రమ మరొకటి చూపించండి.

నిన్న ఫీల్డ్ వర్క్ తేదీ ఖాయం చేద్దామని పెద్దాయనకి ఫోన్ చేశాను.

"ఆదివారం కుదరది సారూ, ఇద్దరొస్తున్నరు. పొద్దుగాల ఒకలు, పొద్దుమీకి ఒకలు. శనివారం ఆ పిల్ల వస్తది, మీ బ్యాచ్ పిల్లనే. వచ్చి కరెంటు చక్రం కాడ కూసుంటది. తిప్పుమనది, ఆపుమనది. ఒక్కోసారి కెమెరా గూడ తేదు. ఏం సినిమనో ఏమొ." కాసేపు క్యాలెండరు చూస్తున్నట్టు ఆగాడు. "మీరు శుక్రారం రాన్రి. ఏడుస్త."