వెన్నుపోటు పొడిస్తేనే గెలుస్తారా? ‘సర్వైవర్’ చూసినవాళ్లు ఆ మాట అనలేరు

"రియాలిటీ షోల్లో నమ్మకంగా ఉన్నవాడు మునుగుతాడు, వెన్నుపోటు పొడిచినవాడే గెలుస్తాడు. కావాలంటే అమెరికా ‘సర్వైవర్’ చూడండి" అనే మాట తెగ తిరుగుతోంది. ఆటగాళ్లు తమలోంచి ఒక్కొక్కరిని తామే ఓటేసి బయటికి పంపించే షో అది, నాకు చాలా ఇష్టం. అందుకే ఈ మాటను ఊరికే వదిలేయలేకపోతున్నాను.

"2000లో మొదటి సీజన్ విజేత రిచర్డ్ హాచ్ మోసంతోనే గెలిచాడు" అంటారు. హాచ్ చేసింది అలయన్స్, అంటే కలిసి ఓటేసే కూటమి కట్టడం. హాచ్, రూడీ, స్యూ, కెల్లీ కలిసి ఓట్లేసి మిగతావాళ్లను ఒక్కొక్కరిగా పంపించారు. వాళ్లలో అటూ ఇటూ ఊగింది కెల్లీయే. నలుగురే మిగిలాక తన స్నేహితురాలు స్యూ ఇంటికి వెళ్లడానికి కెల్లీ ఓటే కారణమైంది. ఫైనల్‌లో విజేతను ఓటేసి తేల్చే జ్యూరీలో కూర్చున్న స్యూ, హాచ్‌ని పాముతోనూ కెల్లీని ఎలుకతోనూ పోల్చి, చివరికి పాముకే ఓటేసింది. హాచ్ 4-3తో గెలిచాడు. ఆ ఒక్క ఓటు కెల్లీకి పడి ఉంటే పది లక్షల డాలర్లూ ఆమెవే.

"ఎంతమందిని ముంచితే అంత లాభం" అన్నది ఇంకా పెద్ద పొరపాటు. బిగ్ బాస్‌లో విజేతను తేల్చేది ప్రేక్షకుల ఓట్లు. సర్వైవర్‌లో తేల్చేది ఆటలోంచి బయటికి పోయిన ఆటగాళ్లే. అంటే మీరు ఎవరిని ముంచారో వాళ్లనే చివర్లో ఓటు అడగాలి! రస్సెల్ హాంట్జ్‌కి ఇది రెండుసార్లు అనుభవమైంది. 2009లో సమోవా సీజన్‌లో సొంత జట్టువాళ్ల నీళ్లు పారబోసి, సాక్సులు కాల్చి, అందరినీ ఆడించి ఫైనల్‌కి చేరాడు. నటాలీ వైట్ చేతిలో 7-2తో ఓడిపోయాడు. 2010లో మళ్లీ అదే తీరు, మళ్లీ ఫైనల్. ఈసారి సాండ్రాకి 6, పార్వతికి 3 ఓట్లు పడ్డాయి. రస్సెల్‌కి ఒక్కటీ పడలేదు. ఎత్తులు వేయడంలో అతనంతటి వాడు లేడంటే ఒప్పుకుంటాను. కానీ ఓడిపోయినవాళ్లతో ఎలా మాట్లాడాలో అతనికి తెలియలేదు.

"మంచివాడు గెలవలేడు" అంటారా? 2001లో మొదలైన ఆఫ్రికా సీజన్‌లో ఈథన్ జోన్ తన అలయన్స్‌తో చివరిదాకా నిలబడి, 5-2తో గెలిచాడు.

గుడ్డిగా నమ్మినవాళ్లు దెబ్బతిన్న మాట మాత్రం నిజమే. 2008లో ఎరిక్ అనే ఆటగాడు, తనను ఆ రాత్రి ఓటింగ్ నుంచి కాపాడే ఇమ్యూనిటీ హారాన్ని మెడలోంచి తీసి నటాలీ బోల్టన్‌కి ఇచ్చేశాడు. అదే రాత్రి మిగిలిన నలుగురు ఆడవాళ్లూ కలిసి అతన్ని పంపించేశారు. ఆ ఎపిసోడ్ చూస్తే ఇప్పటికీ నా మనసు చివుక్కుమంటుంది. అయితే ఆ నలుగురూ ఒకరి మాట మీద ఒకరు నిలబడ్డారు కాబట్టే ఆ ఎత్తు పారింది.