అరగంటకు మూడు పనులేనట!

దేశ ప్రజలు రోజుకున్న ఇరవైనాలుగు గంటలనీ ఏం చేసుకుంటున్నారో ప్రభుత్వానికి తెలియాలి. అందుకే జాతీయ గణాంక కార్యాలయం వారు 2019లో ఒకసారి, 2024లో మరోసారి దేశమంతటా టైమ్ యూజ్ సర్వే చేశారు. ఎంపిక చేసిన ఇళ్లకు వెళ్లి, ఆరేళ్లు నిండిన వాళ్లందరి లెక్కా తీశారు. తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టి మర్నాడు తెల్లవారుజామున నాలుగింటి దాకా, అరగంటకొక గడి చొప్పున, ఏ గడిలో ఏం చేశారో చెప్పాలి. బాగానే ఉంది. పేచీ అంతా కింద రాసిన షరతుల దగ్గర వచ్చింది. ఒక గడిలో మీరెన్ని పనులు చేసినా, రాసుకునేది మూడింటినే. అదీ ఒక్కోటి పది నిమిషాలకు తగ్గకుండా సాగి ఉండాలి. తగ్గితే అది పనే కాదు.

ఈ షరతు రాసినవాళ్లింట్లో కోళ్లు లేవని నేను ఘంటాపథంగా చెప్పగలను.

1998-99లో ఇదే సర్వేని ప్రయోగాత్మకంగా ఆరు రాష్ట్రాల్లో చేసి చూశారు. హర్యానా, మధ్యప్రదేశ్, గుజరాత్, ఒడిశా, తమిళనాడు, మేఘాలయ. అటు ఒడిశా దాకా వచ్చారు, ఇటు తమిళనాడు దాకా వచ్చారు, మధ్యలో ఉన్న మనల్ని మాత్రం దాటేసి పోయారు. అప్పుడే ఒక్క సాయంత్రం గోదావరి జిల్లాల్లో ఏదో ఒక పెరట్లో నిలబడి ఉంటే ఈ ముచ్చట ఇంతదాకా వచ్చేది కాదు.

మాది నరసాపురం పక్క. పెరడంటే ఎకరాలేం లేవు. నూతి చుట్టూ వంగ, టమాటా, పందిరి మీద సొర, బీర, గోడవార గులాబీలు, ఒక జామచెట్టు, వాటి మధ్య తిరుగుతూ మొలకలన్నీ కెలికేసే నాటుకోళ్లు. చేతిలో లేసు సూది. ఇవన్నీ చాలవన్నట్టు స్నేహితురాళ్లు. మావారి మాటల్లో చెప్పాలంటే నేను ఇంట్లో ఖాళీగానే ఉంటాను.

ఈ ఖాళీని ఏ పద్దు కింద రాయాలన్నది ఇప్పుడు దేశం ముందున్న సమస్య. ఐక్యరాజ్యసమితి వాళ్లు 2016లో మనిషి చేసే పనులన్నిటినీ తొమ్మిది పద్దులుగా విడగొట్టారు. మన సర్వే కూడా ఆ లెక్కనే నడుస్తుంది. ఒకటోది ఉద్యోగం. రెండోది సొంత వాడకానికి సరుకు తయారు చేసుకోవడం. మూడోది జీతం లేని ఇంటి చాకిరీ. ఏడోది నలుగురిని కలవడం, మాట్లాడటం, పూజాపునస్కారం. ఎనిమిదోది వినోదం, కాలక్షేపం. మిగతావాటితో మనకు పనిలేదు.

వంగమొక్కకు నీళ్లు పోస్తే రెండో పద్దు, వంకాయ తింటాం కాబట్టి. రెండడుగులు జరిగి గులాబీకి పోస్తే మూడో పద్దు, అది ఇంటి ఆవరణ చక్కబెట్టుకోవడం కాబట్టి. చెంబు అదే, నీళ్లవే, పట్టేసిన నడుమూ అదే. టమాటా వరసల మధ్య బంతి వేస్తాం. చూడ్డానికి పువ్వే గానీ, వేసింది అందానికి కాదు. కాయ తొలిచే పురుగు టమాటా జోలికి పోకుండా బంతి మీద వాలుతుందని. వ్యవసాయం వాళ్లు దీన్ని ఎర పంట అంటారు. కాబట్టి రెండో పద్దు. దసరాకి అదే బంతి గుమ్మానికి తోరణమైతే ఏడో పద్దు. ఎదురింటి వదిన వచ్చి జడలోకి రెండు తుంచుకుపోతే ఏ పద్దో భద్రతా మండలిని సమావేశపరిచి తేల్చాలి.

కోళ్ల దగ్గరికొస్తే వ్యవహారం ఇంకా చిక్కు. గుడ్ల కోసం కోడిని మేపితే రెండో పద్దు. ముచ్చటకు జంతువును పెంచుకుంటే మూడో పద్దు. మా దగ్గర సుందరి అని ఒక పెట్ట ఉంది. గుడ్డు పెట్టినన్నాళ్లూ అది ఉత్పత్తి సాధనమే, ఒప్పుకుంటాను. కానీ అది పొదుగుకు కూర్చుందంటే 21 రోజులు లేవదు. మేతకు లేచినా కాసేపే. చెయ్యి పెడితే ఈకలన్నీ నిక్కబొడుచుకుని పొడుస్తుంది. పిల్లలు దిగాక వాటిని వెంటేసుకుని తిరిగే రోజుల్లోనూ గుడ్డు లేదు. ఈకలు రాల్చే కాలం వస్తే అసలే లేదు, పైగా మెడ బోసిపోయి గుర్తుపట్టలేనట్టు తయారవుతుంది. మరి ఆ నెలలన్నిటికీ సుందరిని ఏమని రాయాలి? ఉత్పత్తి సాధనమా, పెంపుడు జంతువా, ప్రసూతి సెలవులో ఉన్న ఉద్యోగా? మనుషులకు 2017 నుంచి 26 వారాలిస్తున్నారు, సుందరి అంత కూడా తీసుకోదు. దాన్ని ఒళ్లో వేసుకుని రెక్క ఎత్తి పేలు చూస్తున్నప్పుడు నేను రెండో పద్దులో ఉన్నానో మూడో పద్దులో ఉన్నానో నాకే తెలియదు.

కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నానని మీరనుకోవచ్చు. పీకడం మొదలుపెట్టింది నేను కాదు, న్యూయార్కులో కూర్చున్నవాళ్లు.

సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర దాకా ఉన్న గడిని తీసుకుందాం. సొరపువ్వు సాయంత్రమే విచ్చుకుంటుంది. ఆ వేళకు తేనెటీగలు ఇళ్లకు పోతాయి. రాత్రి పురుగులు దయతలిస్తే సరి, లేకపోతే వేలెడంత పిందె పసుపు తిరిగి రాలిపోతుంది. అందుకని మగపువ్వు ఒకటి కోసి, తెల్లటి రేకులు వెనక్కి వలిచి, లోపలి పుప్పొడి కాడని, కింద పిందె ఉన్న ఆడపువ్వు నడిమధ్యన మెల్లిగా అద్దాలి. చెయ్యి వణికితే ఆడపువ్వు చిరుగుతుంది. కోళ్లు గూటికి చేరే వేళా ఇదే. అన్నీ వాటంతటవే పోతాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి ప్రతి పెరట్లోనూ ఉంటుంది. అది జామకొమ్మ ఎక్కి, మనతో ఏ సంబంధమూ లేనట్టు పడమటి దిక్కుకు తిరిగి కూర్చుంటుంది. దానికోసం గూటి తలుపు తీసి ఉంచితే లోపలివాటికి ముంగిస. తలుపు వేసేస్తే కొమ్మ మీది దానికి పిల్లి. గుమ్మంలో దీపం పెట్టే వేళా ఇదే. అసురసంధ్యలో గుమ్మం చీకటిగా ఉంటే గోడ మీది ఫొటోలోంచి మా అత్తగారి చూపు మారుతుంది.

సరిగ్గా అప్పుడే పక్కవీధి పిన్నిగారు గేటు తీసుకుని వస్తారు. గేటు తీస్తారు గానీ వెయ్యరు.

“ఏమ్మా, ఖాళీయేనా?”

“ఆఁ, ఖాళీయేనండి పిన్నిగారూ, రండి.”

“కూర్చోనమ్మా, ఊరికే ఓసారి తొంగి చూసి పోదామని. చేతిలో ఏంటా పువ్వు?”

“సొరపువ్వండి. మగది.”

“అయ్యో రాత! దాని సంసారం కూడా నువ్వే చెయ్యాలా?”

ఇప్పుడు లెక్క రాద్దాం. సొరపాదు సంసారం, నాలుగు నిమిషాలు. కొమ్మ మీది పెట్టను దోటితో అదిలించి, నూకలు చూపించి బతిమాలి, చివరికి పీటెక్కి రెండు కాళ్లూ పట్టుకుని దించడం, తొమ్మిది నిమిషాలు. గూటి తలుపుకు గొళ్లెం, గొళ్లేనికి తాడు, తాడుకు ఇటుక, మూడు నిమిషాలు. దీపం, రెండు. గేటు వేసి రావడం ఒకటి, ఒక పాదులోంచి ఇంకో పాదులోకి నీళ్ల గొట్టం మార్చడం ఇంకొకటి. పిన్నిగారితో మాటలు మాత్రం ముప్పై నిమిషాలూ పూర్తిగా. ఆవిడ సొరపందిరి కిందకీ, జామచెట్టు కిందకీ, గూటి దగ్గరకీ నా వెనకాలే వచ్చి చెబుతారు కాబట్టి. ఇక షరతు వర్తింపజేయండి. పది నిమిషాల లోపువన్నీ కొట్టివేత. మిగిలింది ఒక్కటే. అంటే భారత ప్రభుత్వ రికార్డుల ప్రకారం ఆ అరగంట నేను చేసిందల్లా కబుర్లు చెప్పడం.

మావారు ఏ సర్వే చెయ్యకుండానే ఈ నిర్ణయానికి ఎప్పుడో వచ్చేశారు.

ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్లకి, 15 నుంచి 59 ఏళ్ల మధ్యవాళ్లకి, 2019లో రోజుకు 315 నిమిషాలు దానికే సరిపోయేదట. 2024కి అది 305కి దిగింది. ఆ పది నిమిషాలూ ఎటుపోయాయా అని ఢిల్లీలో పెద్దలు తలలు పట్టుకుంటూ ఉంటారు. ఎటూ పోలేదు. తొమ్మిదో నిమిషంలో పెట్ట దిగింది, పదో నిమిషంలో పని రద్దయింది.

పుంజులు పెంచే మగవాళ్లకి ఈ బాధ లేదు. మా జిల్లాలో సంక్రాంతి పందేనికి సాకే పుంజుకు బాదంపప్పు, జీడిపప్పు, కైమా. చెరువులో ఈత. పొద్దున్నే నడక. ఎండలో ఎంతసేపు, నీడలో ఎంతసేపు అని లెక్క. దానిమీద కుక్కుట శాస్త్రం. డేగ, కాకి, నెమలి, పర్ల, సేతువ అని ఈక రంగును బట్టి పేర్లు, ఏ తిథికి ఏ రంగు గెలుస్తుందో, ఏ దిక్కునుంచి బరిలోకి దించాలో అన్నీ అందులో ఉంటాయి. ఆ లెక్కలు చూసేవాణ్ణి ఊళ్లో పండితుడన్నంత గౌరవంగా చూస్తారు. పెట్టకు మాత్రం శాస్త్రం లేదు. ఏ తిథినాడు పొదుగుకు కూర్చుంటుందో, జామకొమ్మ మీంచి ఏ దిక్కునుంచి దించాలో ఎవడూ రాయలేదు. పల్నాట బ్రహ్మనాయుడికీ నాగమ్మకీ కోడిపందెం దగ్గర చెడి యుద్ధందాకా పోయిందని ఎనిమిది వందల ఏళ్లకు పైగా చెప్పుకుంటున్నాం. పెట్ట గుడ్డు పెట్టినందుకు ఏ రాజ్యమూ కూలలేదు, అందుకే చరిత్రకెక్కలేదు.

లేసు మాట మాత్రం నవ్వులాటగా చెప్పడానికి నాకు మనసొప్పదు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల వెంట ఈ ప్రాంతానికి వచ్చిన పని ఇది. అరుగుల మీద కూర్చుని, పొయ్యి మీద ఎసరు మరిగేలోపు ఒక పువ్వు, పిల్లాడు నిద్రపోయేలోపు ఒక పువ్వు అల్లుకుంటూ పోయిన లేసు ఓడలెక్కి దేశాలు దాటింది. 1970లలో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం వచ్చి ఈ ఆడవాళ్ల మీద పరిశోధన చేసింది. 1982లో అది పుస్తకంగా వచ్చింది. ఆవిడ చెప్పిందేమిటంటే, ఈ ఆడవాళ్లు గంటల తరబడి పరదేశపు బజారుకు సరుకు తయారుచేస్తున్నారు, అందరూ మాత్రం దాన్ని ఇల్లాళ్ల తీరిక వేళ పని అంటున్నారు. తీరిక వేళ పనికి కూలి ఎంతివ్వాలి? ఎంతిచ్చినా ఎక్కువిచ్చినట్టే. లాభం ఎవరిదో అడిగే హక్కు కాలక్షేపం చేసుకునేవాళ్లకి ఉండదు కదా. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కూలి రేటుకు ఆ గుర్తింపు సంగతి ఎవరైనా చెప్పారేమో తెలుసుకోవాలి.

నేనల్లేది కూలికి కాదు, కాబట్టి నా నోరు కాస్త పెద్దదే. స్నేహితురాళ్ల మనవరాళ్ల గౌన్లకు అంచులు, ఫ్రిజ్ మీదకు కవరు, మిక్సీకి కవరు. టీవీలు పల్చబడి గోడకు అతుక్కున్నాక వాటి మీద లేసు వేసుకునే చోటు లేక మా కళకు పెద్ద దెబ్బ తగిలింది. దీని గురించి ఏ గణాంకమూ లేదు.

ఇక స్నేహం. స్నేహాన్ని ఏడో పద్దులో, అంటే హాయిగా కూర్చుని మాట్లాడుకునే పద్దులో వేసినవాళ్లకి స్టీలు డబ్బా గురించి తెలియదు. పెరట్లో వంకాయ కాసిందని నేను వదినకు గుత్తివంకాయ కూర డబ్బాలో పెట్టి పంపాను. మన దగ్గర ఎవరి గిన్నె వాళ్లకి ఖాళీగా తిప్పి పంపకూడదు. కాబట్టి ఆవిడ సున్నుండలు పెట్టి పంపింది. కానీ నా డబ్బా దొరక్క వాళ్ల డబ్బాలో పెట్టింది. ఇప్పుడు వాళ్ల డబ్బా నా దగ్గరుంది, ఖాళీగా పంపలేను. గుడ్లు పెట్టాను. ఆవిడ కార్తీకమాసం, గుడ్లు ముట్టం అని వాటిని పిన్నిగారి కోడలికిచ్చింది. ఆ కోడలు ఎవరి డబ్బాయో తెలియక ఇద్దరికీ చెరో డబ్బా పులిహోర పంపింది. చిన్నప్పుడు లెక్కల మాస్టారు అనంతం అంటే ఏమిటో బోర్డు మీద పడుకున్న ఎనిమిది గీసి చెప్పారు. స్టీలు డబ్బా చూపించి ఉంటే వెంటనే అర్థమయ్యేది.

మనీప్లాంట్ వ్యవహారం ఇంకో రకం చాకిరీ. అడిగి తీసుకుంటే పెరగదు, దొంగిలిస్తేనే ఏపుగా ఎదుగుతుందని నమ్మకం. అందుకని నా స్నేహితురాళ్లు వచ్చినప్పుడల్లా నేను కాఫీ కలపడానికని లోపలికి వెళ్లి, వాళ్లు తీగ తుంచి సంచిలో దాచేదాకా, పాలు పొంగకపోయినా పొంగినట్టు చప్పుడు చేస్తూ నిలబడాలి. మరీ త్వరగా బయటికొస్తే ఎదుటివాళ్ల పరువు పోతుంది. ఈ చూడనట్టుండే పనికి తొమ్మిది పద్దుల్లోనూ చోటు లేదు. పది నిమిషాలు మాత్రం తప్పకుండా దాటుతుంది, ఎందుకంటే ఆ తీగ గిల్లితే తెగదు, మెలిపెట్టాలి.

కాబట్టి గణాంక శాఖ వారికి నా విన్నపాలు ఇవి. గడిలో నాలుగో పనికి చోటివ్వాలి. పదినిమిషాల షరతు నుంచి చెట్టెక్కిన కోళ్లను మినహాయించాలి. ఒక గడిలో రాసుకున్నవాటిలో ముఖ్యమైన పని ఏది అని అడగడం మానాలి. మగపువ్వు ఒక చేతిలో, కోడికాళ్లు ఇంకో చేతిలో ఉన్న మనిషిని అలాంటి ప్రశ్న అడగడం మర్యాద కాదు. తర్వాతి సర్వేకి మా వీధికి వచ్చేవారు సాయంత్రం ఆరింటికే రావాలి. గేటు వేసి రావాలి. వచ్చాక ఊరికే నిలబడకుండా నీళ్ల గొట్టం కాస్త బీరపాదులోకి మార్చాలి.

వెళ్లేటప్పుడు సొరకాయ ఇస్తాను. ప్రభుత్వోద్యోగులు కానుకలు పుచ్చుకోకూడదన్న నియమం ఉందని నాకు తెలుసు. సొరపాదు కాపు మీదున్న రోజుల్లో ఆ నియమం మా వీధిలో చెల్లదు. వీధిలో ఎవరూ పుచ్చుకోవడం మానేశారు కాబట్టి ఒకటి కాదు, రెండు తీసుకెళ్లాలి. పక్కనున్న అధికారికి కూడా ఒకటి.